కోడి ఈకకు పడిన లారీ

కోడి ఈక ఒక్కటి విసిరి, కదలడానికి సిద్ధంగా ఉన్న లారీని, అందులో ఎక్కించిన ఇనప బీరువాను, రెండు పాడిగేదెలను, వాటి మధ్య పీట వేసుకుని కూర్చున్న ఒక అత్తగారిని కలిపి ఒకే గుంజుకు కిందికి లాగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. పేరు ఉచ్చెంగమ్మ. ఊరు సిరిగేరి. నమ్మనివాళ్లు నమ్మకపోతే నాకేం నష్టం లేదు. నేను ఏడో తరగతి సగంలోనే బడికి దండం పెట్టి బయటికి వచ్చినవాణ్ణి. లెక్కలూ చరిత్రా నాకు రావు గానీ, సిరిగేరిలో ఏ ఇంట్లో ఏ మాట పుట్టిందో, అది ఏ సందులో పెరిగి పెద్దదయిందో నా అంత తెలిసినవాడు బళ్లారి నుంచి కంప్లి దాకా వెతికినా దొరకడు.

అయితే ఉచ్చెంగమ్మను చూస్తే లారీ సంగతి అటుంచి, బావిలో చేదను కూడా లాగగలదని అనిపించదు. సన్నటి మనిషి. నడుము దగ్గర కాస్త ముందుకు వంగి ఉంటుంది. మాట్లాడేటప్పుడు ఒక చెయ్యి నడుం మీదే ఉంటుంది. పొద్దున చీర కట్టుకున్నట్టే అలసట కూడా కట్టుకుని పనికి పోతుంది, సాయంత్రం దాన్ని విప్పి దండెం మీద వేసే తీరిక మాత్రం దొరకదు. మొగుడు యల్లప్ప ఒకప్పుడు బండి తోలేవాడు. దగ్గు పట్టుకున్నాక ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే బండ్లకు దారి చెప్పడమే ఆయన పని. ఇద్దరి కూలీ ఈమె ఒక్కతే చేసేది.

ఆమె పుట్టిల్లు కంప్లి. తండ్రి తుంగభద్రలో పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, నడిపేవాడు. ఏటికి ఆ దరినుంచి ఈ దరికి మనుషుల్ని, మేకల్ని, పెళ్లివాళ్లని దాటించి, మధ్యలో ఖాళీ దొరికితే రాళ్ల మీద కూర్చుని చేపలు పట్టేవాడు. అలాంటి ఇంటి పిల్లను తెచ్చి సిరిగేరిలో ఇచ్చారు. అప్పటి సిరిగేరి అంటే జొన్న, పత్తి, దుమ్ము. తాగే నీళ్లకే బావి దగ్గర కాచుకు కూర్చునే ఊరు. చేపను చూడాలంటే బళ్లారి సంతకు పోవాలి. పెళ్లయిన కొత్తలో ఉచ్చెంగమ్మ వానాకాలం గుంటల్లో గాలం వేసి కూర్చునేదని, కప్పలు తప్ప ఏమీ పడేవి కావని, ఆ కప్పలకు పేర్లు పెట్టి పిలిచేదని నేను అంటాను. ఆమె ఒప్పుకోదు.

తర్వాత తుంగభద్ర మీద ఆనకట్ట లేచింది. యాభైల నడుమ కాలువ మా దిక్కుకు వచ్చింది. కాలువ వెంట నీళ్లు వచ్చాయి, నీళ్ల వెంట చేపలు వచ్చాయి, చేపల వెంట అన్నట్టుగా కృష్ణా జిల్లా నుంచి రైతులు వచ్చారు. మావాళ్లు మెట్ట పొలాలు వాళ్లకు అమ్మారు. వాళ్లు పొలాల మధ్యనే గుడిసెలు వేసుకుని దానికి క్యాంపు అని పేరు పెట్టారు. ముందు వచ్చిన పెద్దమనిషి బసవపున్నయ్య కాబట్టి అది పున్నయ్య క్యాంపు అయింది. ఆ క్యాంపులో ఆఖరి గుడిసె వెంకటప్పయ్యది. ఆయన, ఆయన తల్లి మాణిక్యమ్మ, భార్య శివపార్వతి. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. ఈ సంగతి మాణిక్యమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అందరికీ గుర్తు చేసేది, ఎవరైనా మరిచిపోతారేమోనని.

మా ఆడవాళ్లకు వరి నాటడం రాదు. జొన్నలో కలుపు తీయమంటే తీస్తారు, పత్తి ఏరమంటే ఏరుతారు. బురదలో దిగి, వంగి, వెనక్కి నడుస్తూ నాటడం వాళ్లకు కొత్త. మొదటి రోజు సగం మంది బురదలో కూలబడ్డారు. గట్టు మీద నిలబడి చూస్తున్న శివపార్వతి చీర పైకి దోపుకుని దిగి, చేత్తో నారు పట్టుకుని ఎలా నాటాలో చూపించింది. ఉచ్చెంగమ్మ ఆమె పక్కన వంగింది. ఆ రోజు వంగిన నడుము ఇప్పటికీ పూర్తిగా లేవలేదు.

వాళ్ల స్నేహం మాత్రం పొలంలో మొదలు కాలేదు. కాలువ నీళ్లు మెట్టు దిగి కిందికి దూకే చోటు ఒకటుంది. ఇంజనీర్ల మాట విని అందరూ దాన్ని డ్రాపు అంటారు. నీళ్లు దూకి నురగ కట్టి మళ్లీ నెమ్మదించే చోట రాతి అంచు ఉంటుంది. ఒక సాయంత్రం పని దిగి కాళ్లు కడుక్కోవడానికి పోయిన ఉచ్చెంగమ్మకు అక్కడ శివపార్వతి కనిపించింది. చేతిలో సన్నటి వెదురు కర్ర, దారం, గాలానికి అన్నం ముద్ద. నురగ వచ్చి అన్నాన్ని నాక్కుని పోతోంది. ఆమె మళ్లీ పెడుతోంది.

"అన్నము యాడన్నా చేపకు పెడతారా అమ్మా? పెడితే మొగునికి పెట్టల్ల."

శివపార్వతి తల తిప్పలేదు. "మొగుడికి పెట్టే వచ్చా. అత్తగారికీ పెట్టా. గేదెలకీ పెట్టా. ఇంక మిగిలింది ఇదే."

"మరి నీకు?"

"ఆకలిగా లేదు. కూర్చోవాలనుంది, అంతే."

ఉచ్చెంగమ్మ కూడా పక్కన కూర్చుంది. ఆ మాట ఆమెకు బాగా అర్థమయింది. ఆడమనిషి ఊరికే కూర్చుంటే చూసినవాడల్లా ఏం పని లేదా అంటాడు. చేతిలో గాలం ఉంటే అడగడు.

"చిన్నప్పుడు మా ఊళ్లో వానపామును గుచ్చేవాళ్లం," అంది శివపార్వతి. "ఈ నల్లమట్టిలో ఎంత తవ్వినా ఒక్కటి దొరకదేంటి?"

"ఈ మట్టిలో మనిషి బతికేదే కష్టము. వానపాము యాడ బతుకుతాది. రేపు రా, వానపాము కాదు, బేరేది చూపిస్తా."

మరుసటి రోజు ఉచ్చెంగమ్మ తెచ్చింది ఒక ఈక. పుంజు మెడ దగ్గర ఉండే గోధుమరంగు ఈక. దాన్ని చిన్న గాలపు ముల్లు చుట్టూ తిప్పి, ఎర్రదారంతో బిగించి కట్టింది. దారానికి బదులు జట్కా గుర్రం తోక వెంట్రుకలు పేనింది. నీళ్లలో మునగనివ్వకుండా, నురగ ఆగే అంచున ఈకను అలా తాకించి ఇలా ఎత్తింది. తాకించి ఎత్తింది. పురుగు పడి లేచినట్టే ఉంది. కంప్లి రాళ్ల మీద ఆమె తండ్రి పట్టిన పద్ధతి అదే. మూడో నాలుగో సారికి నీళ్లు చిట్లి, వెండి రంగు చేప ఒకటి ఎగిరి వచ్చింది. అరచేయంత ఉంటుంది. నేను చెప్పేటప్పుడు మాత్రం మోచేయంత అని చెబుతాను, ఎందుకంటే అరచేయంత చేపకు వినేవాడు ఆగడు.

"ఈకను చేప తింటుందా?"

"తినదు. పురుగు అనుకుంటాది. మీరు ఈ కాలువ నీళ్లు చూసి బంగారము అనుకొని రాలేదా, అట్ల."

శివపార్వతి నవ్వింది. క్యాంపుకు వచ్చాక ఆమె నవ్వగా ఎవరూ చూడలేదని, ఆ నవ్వుకు కాలువ కాసేపు ఆగిందని చెబితే నన్ను కొట్టకండి.

అప్పటినుంచి ఇంట్లో గడ్డి కోతకని చెప్పి ఆమె, కాళ్లు కడుక్కోవడానికని చెప్పి ఈమె. కర్రలు రెండూ జమ్ములో దాచేవాళ్లు. వంగడం ఆమె నేర్పింది, కూర్చోవడం ఈమె నేర్పింది. పెద్దగా మాట్లాడుకునేది కూడా లేదు. ఏ రోజు ఎక్కడ నొప్పి ఉందో చెప్పుకునేవాళ్లు, అంతే. పడ్డ చేపలు ఉచ్చెంగమ్మ ఇంటికి పోయేవి. శివపార్వతి ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. మాణిక్యమ్మ చెవిన అది పడి, "కూలిమనిషి అక్కేంటే నీకు" అంటే, "మీ అబ్బాయి కంటే నాతో ఎక్కువ మాట్లాడుతుంది లెండి" అందట. ఆ రాత్రి ఇంట్లో అన్నం ఎవరూ సరిగా తినలేదు.

పొలం మాత్రం వెంకటప్పయ్య ఇంటివాళ్లను మెచ్చలేదు. చదును కాని నేల. ఒక మూల నీళ్లు నిలిచి పైరు కుళ్లింది, ఇంకో మూల నీళ్లెక్కక ఎండింది. దోమలకు ముగ్గురికీ చలిజ్వరం వచ్చింది. వెంకటప్పయ్య మనసు విరిగింది. పొలం బసవపున్నయ్యకు అప్పగించి, ఉన్నదంతా సర్దుకుని మళ్లీ కృష్ణా దిక్కుకు పోదామని నిశ్చయించాడు. కాలువకు కొత్తనీళ్లు వదిలిన వారమే ప్రయాణం.

ఆ సంగతి శివపార్వతి డ్రాపు దగ్గరే చెప్పింది.

"గురువారం లారీ వస్తుందక్కా."

"ఏం లారీ?"

"మా సామాను లారీ."

ఉచ్చెంగమ్మ ఈకను తాకించి ఎత్తింది, తాకించి ఎత్తింది. అలా తాకిస్తూనే, "మీ ఊర్లో వానపాములు బాగ దొరుకుతాయి గదా" అంది.

"దొరుకుతాయి."

ఉచ్చెంగమ్మకు ఉండమని అడగాలని ఉంది. అడగడానికి తను ఎవరు? వాళ్ల పొలంలో కూలీ. పోతే మళ్లీ రానంత దూరం. ఆమె పోతే రేపటినుంచి ఆ రాతి అంచు మీద ఒక్కతే కూర్చోవాలి. ఒక్కతే కూర్చుంటే అది కూర్చోవడం కాదు, పని లేకపోవడం.

మా దిక్కున ఒక పద్ధతి ఉంది. ఇంటి ఆడబిడ్డ ఊరు కదిలితే ఒడి నింపి పంపుతారు. బియ్యం, ఎండుకొబ్బరి, బెల్లం, పసుపుకొమ్ములు, తమలపాకులు, రవికగుడ్డ కొంగులో పోస్తారు. ఒడి నింపించుకున్న మనిషి ఆ ఇంటి ఆడపడుచు. ఎంత దూరం పోయినా మళ్లీ వచ్చి తీరాలి. నోటితో అడగలేనిది ఇలా అడగొచ్చు. కానీ కృష్ణా దిక్కున ఒడి నింపేది రెండు సందర్భాల్లోనే. ఒకటి పెళ్లికూతురు అత్తింటికి పోయేటప్పుడు, రెండోది కడుపుతో ఉన్నప్పుడు. ఈ సంగతి ఉచ్చెంగమ్మకు తెలియదు. తెలిసే అవకాశమూ లేదు, పిల్లల్లేని ఆ ఇంట్లో అలాంటి వేడుక ఎప్పుడు జరిగిందని.

గురువారం పొద్దున లారీ వచ్చింది. బీరువా ఎక్కింది, గేదెలు ఎక్కాయి, మాణిక్యమ్మ పీట వేసుకుని ఎక్కింది. ఉచ్చెంగమ్మ ఉతికిన చీర కట్టుకుని చాటతో వచ్చింది. గుడిసె చాటున శివపార్వతిని నిలబెట్టి కొంగు పట్టించి ఒడి నింపింది. అన్నీ పోశాక, ఇంకేదో ఇవ్వాలనిపించి, తన రవికలోంచి ఎర్రదారం కట్టిన ఈకగాలం తీసి బియ్యం మీద పెట్టింది. లారీ కదలడం చూడలేక వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోయింది. తర్వాత జరిగింది ఆమె చూడలేదు.

శివపార్వతి కొంగు బరువుగా పట్టుకుని, ఏడుస్తూ లారీ దగ్గరికి వచ్చింది. మాణిక్యమ్మ పై నుంచి చూసింది.

"ఆగండి. ఏంటే నీ ఒళ్లో?"

"ఉచ్చెంగమ్మక్క ఒడి నింపింది."

మాణిక్యమ్మ పీట మీద నుంచి లేచింది. కోడలి ముఖం చూసింది, కన్నీళ్లు చూసింది, బియ్యం మీద ఎర్రదారం కట్టిన ఈక చూసింది. "ఇదేంటి, ఈ దేశపు రక్షా?"

శివపార్వతి తల దించుకుంది. ముసలామె దాన్ని సిగ్గనుకుంది.

"వెంకటప్పయ్యా, లారీలో సామాను దించు."

"ఏం, ఏమైంది?"

"ఏమైందా. కూలిమనిషికి తెలిసిన సంగతి మనకు తెలియలా. ఈ స్థితిలో దాన్ని లారీలో ఎక్కించి గతుకుల్లో కుదేస్తావా? దించమన్నానా."

డ్రైవరు విసుక్కున్నాడు. గేదెలు కూడా దిగడానికి ఒప్పుకోలేదని నేను విన్నాను. బీరువా దిగింది. మాణిక్యమ్మ ఆ ఈకను తీసుకుని, ముల్లు దిష్టి కోసం పెట్టి ఉంటారని తనకు తానే చెప్పుకుని, కోడలి మంచం పైన వాసానికి కట్టింది.

నాలుగు రోజులు పోయాక ఉచ్చెంగమ్మకు వాళ్లు పోలేదని తెలిసింది. సంతోషంతో పరుగున పోతే గుమ్మంలోనే మాణిక్యమ్మ అడ్డం వచ్చింది.

"ఇకమీదట మా కోడల్ని కాలువకు పిలవబాకు. గడ్డి గిడ్డి అంతా నేనే చూసుకుంటా. చల్లగా పడుకోనీ."

లోపల శివపార్వతి మంచం మీద పడుకుని ఉంది. తల దగ్గర మజ్జిగ చెంబు. ఉచ్చెంగమ్మ పైన వాసానికి వేలాడుతున్న తన గాలాన్ని చూసింది. కింద కూర్చుంది.

"ఏందమ్మా ఇది?"

"నేనేం చెప్పలేదక్కా. మా దిక్కున కడుపుతో ఉంటేనే ఒడి నింపుతారు, ఆవిడే అలా అనుకుంది."

"కాదని చెప్పొచ్చు గదా."

"చెబితే లారీ వస్తుంది." శివపార్వతి గోడ వైపు తిరిగింది. "నేను పగలు మంచం మీద పడుకుంది పెళ్లయ్యాక ఇదే మొదలు. నిద్రపోయా. లేచి, నీళ్లు తాగి, మళ్లీ నిద్రపోయా. ఇంత నిద్ర ఎక్కడ దాక్కుందో నాలో."

ఉచ్చెంగమ్మ ఆమె కాళ్ల దగ్గరికి జరిగింది. ఆ నిద్ర తనలోనూ ఉంది, తీసేవాళ్లు లేరు. పైగా ఆ అబద్ధం తెగితే ఆమెతోపాటు తనకూ పోయేది ఉంది. కాసేపు కాళ్లు నొక్కి, లేచి వచ్చేసింది.

ఈలోగా కాలువ నీళ్లు పొలం దాకా వచ్చాయి. వెంకటప్పయ్య పొలాన్ని బీడుగా చూడలేక, బసవపున్నయ్య దగ్గర మాట వెనక్కి తీసుకుని మడి దున్ని, నాట్లు వేయించాడు. ఆ ఏడు నాట్లకు శివపార్వతి దిగలేదు. ఉచ్చెంగమ్మ ముందు నిలబడి ఆడవాళ్లను నడిపింది. రోజూ సాయంత్రం గట్టు మీద నుంచి ఆమెకు ఒక సంగతి కనిపించేది. మాణిక్యమ్మ గడ్డిమోపు మోసేది. మాణిక్యమ్మ గేదెలను కడిగేది. మాణిక్యమ్మ డ్రాపు దగ్గర బిందె ముంచి, ఎత్తలేక రాతి అంచు మీద దించి, మోకాళ్లు పట్టుకుని నిలబడేది. ముసలామె మోకాళ్లు ఉబ్బి ఉన్నాయి. పుట్టబోయే మనవడికని మొక్కులు వేరే మొక్కుతోంది.

ఒక సాయంత్రం ఉచ్చెంగమ్మ జమ్ములోంచి కర్ర తీసుకుని ఆ అంచు మీదికి పోయింది. ఈ మాట చెబితే లారీ మళ్లీ వస్తుందని ఆమెకు బాగా తెలుసు. అయినా పోయింది.

"బిందె పక్కన పెట్టి కూసో అమ్మా."

"కూర్చోవడానికి తీరికెక్కడిది."

"రెండు నిమిషాలు. ఇది చూడు." ఆమె చేతిలో ఇంకో ఈకగాలం ఉంది. ఇదీ ఎర్రదారం కట్టినదే. "మీ ఇంట్లో వాసానికి ఇట్లాంటిది ఉండాది గదా."

"రక్ష."

"రక్ష కాదు." ఉచ్చెంగమ్మ ఈకను నురగ అంచున తాకించి ఎత్తింది. రెండుసార్లు ఏమీ లేదు. మూడోసారి చేప వచ్చింది. అది రాతి మీద కొట్టుకుంటుంటే మాణిక్యమ్మ చూసింది. ఈకను చూసింది. బిందె పక్కన కూర్చుంది.

"మరి ఒడి ఎందుకు నింపావే?"

"పోతాండాది గదా. మళ్లీ రావాలని. మాకాడ అట్లే."

"కడుపు లేదా?"

"లేదమ్మా. మీ పద్ధతి నాకు తెలిసింటే నింపుతుంటినా. నాకూ మొన్న తెలిసె."

మాణిక్యమ్మ అరుస్తుందని, కర్ర లాక్కుని వీపు మీద వేస్తుందని ఉచ్చెంగమ్మ అనుకుంది. ముసలామె అలా ఏమీ చేయలేదు. కాళ్లు నీళ్లలోకి జార్చింది. దాదాపు వెలుతురు పోయేదాకా నీళ్లలో కాళ్లు ఆడిస్తూ కూర్చుంది. చివరికి, "నేను కూడా ఒక్క రోజు కూర్చుందామనుకుంటూనే ఉన్నా. కూర్చుంటే పనెవరు చేస్తారని కూర్చోలా" అంది. తర్వాత, "అదేదో ఇంకోసారి వెయ్యి, చూద్దాం" అంది.

ఆ పొద్దు బిందె ఖాళీగానే ఇంటికి పోయింది.

ఇంట్లో పెద్ద గొడవ జరిగిందని, గిన్నెలు కాలువదాకా ఎగిరి వచ్చాయని చెప్పాలని నాకు ఎంతో కోరిక. అలాంటిదేమీ జరగలేదు. మాణిక్యమ్మ వాసానికి ఉన్న ఈకను విప్పి కోడలి చేతిలో పెట్టింది. "రేపటినుంచి నీళ్లు నువ్వు తే" అంది, అంతే. శివపార్వతి లేచి కూర్చుని, ఆ గాలం వైపు చూసి, "అత్తయ్యా, లారీకి కబురు చేస్తారా" అని అడిగింది. మాణిక్యమ్మ మోకాళ్లకు ఆముదం రాసుకుంటూ, "నాటిన పైరు వదిలి ఎక్కడికి పోతాం. కోత అయ్యాక చూద్దాం" అంది. వెంకటప్పయ్య విని, ఊ అన్నాడు. ఆ ఏడు పంట గొప్పగా ఏమీ పండలేదు, కానీ మళ్లీ నాటడానికి విత్తనం మిగిలింది. కోత అయ్యాక మళ్లీ నీళ్లు వచ్చాయి, నాట్లు వచ్చాయి. చూద్దాం అన్న మాట అలాగే నడుస్తూ వచ్చింది.

మాణిక్యమ్మ పోయి కొన్నేళ్లయింది. శివపార్వతికి పిల్లలు పుట్టలేదు. క్యాంపులో పెంకుటిళ్లు వచ్చాయి, బళ్లారికి బస్సు వచ్చింది, కాలువ అంచున సిమెంటు వేశారు. సాయంత్రం పని దిగాక ఇద్దరూ ఇప్పటికీ డ్రాపు దగ్గర కూర్చుంటారు. ఒక్కోరోజు కర్రలు పక్కన పెట్టేసి ఊరికే కూర్చుంటారు. ఇప్పుడు ఎవరూ ఏం అడగరు, ఇద్దరికీ తలలు నెరిశాయి.

ఇదంతా రాసి మొన్న ఉచ్చెంగమ్మకు చదివి వినిపించాను, లారీ గుంజుడు దగ్గర గొంతు కూడా పెంచాను. ఆమె కాళ్లు చాపుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, ఆఖరి దాకా విని ఇలా అంది:

"లారీని నేను లాగలేదప్పా. పోయేటామెకు ఒడి నింపితి, ఆమె పోలేదు. మడిలో నాటిన పైరు ఉండె, దానికోసం నిలబడిరి. ఈకకు పడేది సన్న చేపలే, అవి గూడ దినమూ పడవు."